ఒడియా బడికి వెళ్ళే పిల్లలకు ఇంట్లో తెలుగు చదవడం ఎలా నేర్పాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళ వాళ్ళు అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మా వాడు తెలుగు గలగలా మాట్లాడతాడండీ. బళ్ళో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు చదవడం మాత్రం రాదు. వేసవి సెలవుల్లో ఒక నెల కూర్చోబెడితే వచ్చేస్తుందా?"

నెలలో రాదండీ. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున కూర్చుంటే ఏడాది పడుతుంది. కొందరికి పది నెలలు, కొందరికి పద్నాలుగు. నెలలో నేర్పేస్తామనే వీడియోలు చూసి మొదలుపెట్టిన పిల్లలు చాలామంది రెండో నెలలో "నాకు తెలుగు రాదు" అని పుస్తకం మూసేస్తారు. నిజానికి వాళ్ళకు వస్తోంది, వచ్చేలోపే ఆపేశారు. అందుకే అక్షరాలు ఎలా నేర్పాలో చెప్పడంతో పాటు, రాని చోట పిల్లవాడు విసుక్కోకుండా ఎలా కూర్చోవాలో కూడా చెబుతాను. ఆ ఓపిక ఇక్కడ అలవాటైతే రేపు లెక్కల దగ్గరా, సైన్సు దగ్గరా పనికొస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఒడియా తడుముకోకుండా చదవడం వచ్చాక. చాలా ఇళ్ళలో అది రెండో తరగతి అయ్యాక అవుతుంది. రెండు లిపులు ఒకేసారి మొదలుపెట్టినా తట్టుకునే పిల్లలు ఉన్నారు, కానీ నేనైతే ఆగమనే చెబుతాను. ఒక లిపి చదవడం వచ్చిన పిల్లవాడికి "గీతల్ని చూసి మాట పలకడం" అంటే ఏమిటో అప్పటికే తెలుసు. ఇక నేర్చుకోవలసింది కొత్త గీతలే.

కావలసినవి

పలక, బలపం. ఇప్పటికీ వీటికి మించినవి లేవు. తప్పు రాస్తే అరచేత్తో చెరిపేయొచ్చు కాబట్టి పిల్లలకు భయం ఉండదు.

వెడల్పు గీతల నోటుబుక్కు ఒకటి. ఏ పేజీ చింపకూడదు. ప్రతి పేజీ పైన తేదీ వేయాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ ప్రభుత్వ ఒకటో తరగతి తెలుగు వాచకం. పాతదైనా ఫరవాలేదు. బంధువుల పిల్లలు చదివేసిన పుస్తకం అడిగి తెచ్చుకోండి.

తెలుగు గోడ క్యాలెండరు, పాత తెలుగు దినపత్రికలు. ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం వెళ్ళినప్పుడు తెచ్చి పెట్టుకోండి. పాత పెళ్ళి శుభలేఖల అట్టలు కోస్తే అక్షరాల కార్డులు అయిపోతాయి.

రోజూ ఒకే వేళలో ఇరవై నిమిషాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి, మిగతా ఆరు రోజులు వదిలేస్తే పని జరగదు.

ఫోను ఈ జాబితాలో లేదు, కావాలనే వదిలేశాను. మొదటి ఆరు నెలలు దాన్ని ఈ ఇరవై నిమిషాల దగ్గరికి రానివ్వకండి. అక్షరాన్ని తాకగానే ఫోను పలికేస్తుంది. పిల్లవాడికి తానే చదివినట్టు అనిపిస్తుంది. కాగితం మీద అదే అక్షరం కనిపిస్తే మాత్రం తెల్లముఖం వేస్తాడు.

మీకే తెలుగు చదవడం రాకపోతే

మన వైపు ఇది మామూలే. తల్లిదండ్రులూ ఒడియా మీడియంలోనే చదివి ఉంటారు. ఇంట్లో మామ్మో తాతయ్యో తెలుగు చదవగలిగితే నేర్పే పని వాళ్ళకు అప్పగించండి. అలా ఎవరూ లేకపోతే పిల్లవాడి పక్కనే మీరూ పలక పట్టుకుని కూర్చోండి. నేను చూసిన వాటిలో బాగా సాగిన ఇళ్ళు ఎక్కువగా ఇవే. అమ్మ కూడా 'థ' దగ్గర తడబడటం, చెరిపి మళ్ళీ రాయడం పిల్లవాడు కళ్ళారా చూస్తాడు. పెద్దవాళ్ళకైనా చదువు కూర్చుంటేనే వస్తుందని వాడికి వేరే పాఠం చెప్పక్కర్లేదు. మీ ఇద్దరి తప్పులు దిద్దడానికి వారానికి ఒకసారి చూసే మనిషి ఒకరు ఉంటే చాలు.

ఒడియా వల్ల కలిసొచ్చేది, అడ్డొచ్చేది

కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. క ఖ గ ఘ ఙ అనే వరస రెండు భాషల్లోనూ ఒకటే. అక్షరమాల క్రమాన్ని మళ్ళీ బట్టీ పట్టించనక్కర్లేదు. ణ, ళ ధ్వనులు ఒడియాలో ఉన్నాయి కాబట్టి అవి నోరు తిరుగుతాయి. మాట చివరి అచ్చును ఒడియా మింగేయదు. హిందీ ముందు నేర్చిన పిల్లలు 'కల'ని 'కల్' అన్నట్టు మన పిల్లలు అనరు.

అడ్డొచ్చేవి నాలుగు. ఇవి మీకు ముందే తెలిస్తే పిల్లవాడి మీద కోపం రాదు.

ఒకటి, ఒడియాలో హల్లులో కలిసి ఉండే 'అ'ను దాదాపు 'ఒ'లా పలుకుతారు. అందుకే మొదట్లో 'కల'ని 'కొలొ' అని చదువుతారు. రెండు, ఒడియాలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. ఇ, ఈ, ఉ, ఊ రాతలో వేరైనా పలకడంలో ఒకటే. మూడు, శ ష స మూడింటినీ 'స'గానే పలుకుతారు. నాలుగు, వ ఉండాల్సిన చోట బ, కొన్ని చోట్ల య బదులు జ వస్తాయి. 'వంకాయ'ని 'బంకాయ' అని రాస్తే అది నిర్లక్ష్యం కాదు, బళ్ళో శ్రద్ధగా నేర్చుకున్న అలవాటు ఇక్కడికి వచ్చింది. తిట్టకుండా, రెండు మాటలూ పలికి వినిపించండి.

మరాఠీ బడి పిల్లలైతే, అంటే సిరొంచ, దేగ్లూరు, ధర్మాబాద్ వైపు వాళ్ళు, ఇవే మెట్లు వాడుకోవచ్చు. రెండు మార్పులు. వాళ్ళకు చివరి అచ్చు మింగే అలవాటు ఉంటుంది కాబట్టి 'కల', 'జడ' లాంటి మాటల్ని చివర సాగదీసి పలికించండి. ఎ-ఏ, ఒ-ఓ తేడా వాళ్ళకూ కొత్తే, కాబట్టి నాలుగో మెట్టు మీద ఎక్కువ రోజులు ఉండండి.

మెట్లు

1. వారానికి నాలుగు అక్షరాలు, అదే రోజు మాటలు

అ నుంచి ఱ వరకు వరసగా రాయించడంతో మొదలుపెట్టకండి. నలభై రోజులు అక్షరాలే రాస్తే పిల్లవాడికి ఒక్క మాట కూడా చదివిన ఆనందం దక్కదు.

మొదటి వారం త, ల, వ, క. నాలుగూ రాగానే తల, వల, కల చదివేయొచ్చు. రెండో వారం గ, డ, ప, ద. ఇప్పుడు గడప, కడవ, పడవ, పలక, గద వస్తాయి. మూడో వారం న, స, మ, జ. పనస, నగ, జడ, మడమ. నాలుగో వారం ర, ట, బ, సున్న. సున్న రాగానే మాటలు ఒక్కసారి పెరుగుతాయి: సంత, గంప, పంట, వంట, బలపం, రంపం. నెల తిరిగేసరికి పదిహేను అక్షరాలు, ఒక సున్న, వాటితో యాభై దాకా మాటలు. పిల్లవాడు ఇంట్లో వస్తువుల్ని చూపిస్తూ మాటలు వెతుక్కోవడం మొదలుపెడతాడు.

అచ్చుల్ని మధ్యమధ్యలో కలపండి. అర, అల, ఆట, ఇటక, ఈక, ఉడత, ఊడ, ఎలక, ఏతం. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ చివర్లో పెట్టుకోండి. ఙ, ఞ, ఱ గుర్తుపడితే చాలు. ఈ మెట్టుకు మూడు నెలలు ఇవ్వండి.

జాగ్రత్త: పిల్లవాడు హుషారుగా ఉన్నాడని రోజుకు నాలుగు అక్షరాలు చెప్పేయకండి. ఆ రోజు అన్నీ గుర్తుంటాయి, వారం తర్వాత కలగాపులగం అవుతాయి. హుషారుగా ఉన్న రోజు పాత అక్షరాలతో కొత్త మాటలు అల్లించండి.

2. కవలల్లాంటి అక్షరాలు విడదీయడం

ప-వ, ప-ఫ-ష, డ-ఉ, ద-ధ-థ, ర-ఠ, న-స, మ-య-ఘ. వీటిని ఒకే రోజు పరిచయం చేయకూడదు. ఒకటి బాగా నిలిచాకే రెండోది చెప్పండి. తర్వాత రెండింటినీ పక్కపక్కన రాసి తేడా మీరు చెప్పకుండా వాడినే వెతకమనండి. 'ర'లో చుక్క పెడితే 'ఠ' అయిందని వాడే కనిపెడితే ఆ తేడా మరి మరిచిపోడు. మీరు చెబితే రేపు మళ్ళీ అడుగుతాడు.

ఖ, జ, ట, ణ, బ, ల లాంటి కొన్ని అక్షరాలకు తలకట్టు ఉండదు. పిల్లలు అలవాటుగా వీటి మీద కూడా తలకట్టు పెట్టేస్తారు. వాచకంలో తలకట్టు లేని అక్షరాలన్నీ వెతికి సున్న చుట్టమని ఒక రోజు పని ఇవ్వండి.

3. గుణింతం: పన్నెండు గుర్తులే

36 హల్లులు, ఒక్కో దానికి పన్నెండు గుణింతాలు. అంటే 432 రూపాలు. ఈ అంకె పిల్లవాడికి చెప్పి భయపెట్టకండి. నేర్చుకోవలసింది తలకట్టు నుంచి ఔత్వం దాకా పన్నెండు గుర్తులు. ఒక గుర్తు తీసుకుని, వచ్చిన అక్షరాలన్నిటి మీదా పెట్టించండి. దీర్ఘం వారం మొత్తం దీర్ఘమే: కాకి అనకుండా కాక, తాత, మామ, బాట, పాట, నాటకం. తర్వాతి వారం గుడి: గిలక, చిలక, బడి, గది, నది. ఇలా వారానికి ఒక గుర్తు, మూడు నెలలు.

'క కా కి కీ' అని పాటలా అప్పజెప్పడం పిల్లలకు త్వరగా వచ్చేస్తుంది. తల్లిదండ్రులు మురిసిపోయేదీ, మోసపోయేదీ ఇక్కడే. పాట వచ్చింది, గుణింతం రాలేదు. తేల్చుకోవాలంటే మధ్యలోంచి అడగండి. పలక మీద 'తే' రాసి చూపించండి. త నుంచి మొదలుపెట్టి లోపల పాడుకుంటూ తే దాకా వస్తే ఇంకా రానట్టే. చూడగానే 'తే' అనాలి.

మొ, యొ, హా, పు, వు లాంటివి మిగతా వాటిలా ఉండవు. వీటికి ఒక కార్డు విడిగా చేసి గోడకు అంటించండి. ఇవి చూసి చూసి గుర్తుండాల్సిందే, వేరే కిటుకు లేదు. వట్రసుడిని వత్తులు అయ్యాక చెప్పొచ్చు.

4. పొట్టి, పొడుగు

మన పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టే మెట్టు ఇది. కన్ను చూసినా చెవి ఒప్పుకోదు. అందుకే ముందు చెవికి నేర్పండి, పలక తర్వాత.

వడ–వాడ, విడు–వీడు, కుడి–కూడి, మెడ–మేడ, కొన–కోన. మీరు ఒకటి పలకండి. పొట్టిదైతే ఒక చప్పట్లు, పొడుగుదైతే రెండు చేతులూ చాచడం. రాయడం లేదు, చదవడం లేదు, వారం రోజులు ఈ ఆటే. ఇంట్లో చిన్నవాళ్ళుంటే వాళ్ళూ కలుస్తారు. పదికి తొమ్మిది సరిగ్గా వస్తున్నాయంటేనే పలక తీయండి. అప్పుడు మీరు పలికింది రాయించండి, ఆ తర్వాత రాసింది వాడినే చదవమనండి.

తప్పు రాసినప్పుడు "తప్పు" అనకండి. వాడు రాసింది రాసినట్టు మీరు పైకి చదవండి. "మెడ మీదికెక్కి గాలిపటం ఎగరేశాడు" అని వినగానే వాడే నవ్వి, చెరిపి 'మేడ' చేస్తాడు.

5. వత్తులు

మొదట ద్విత్వాలు, ఎందుకంటే ఇంట్లో పిలుచుకునే మాటలన్నీ అవే: అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ. తర్వాత చెట్టు, బుట్ట, మొగ్గ, కొబ్బరి. ఇవి నిలిచాకే వేరే అక్షరం వత్తు: వస్త్రం దాకా పోకుండా పుస్తకం, చంద్రుడు, పద్యం లాంటివి.

చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి, పిల్లలు ఊహించి చదివేస్తారు. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం అసలు అక్షరంలా ఉండవు. ఈ ఆరింటికి ఆరు కార్డులు, ఆరు వారాలు. ఒడియాలో కూడా రెండో అక్షరం కింద చేరే పద్ధతి ఉంది కాబట్టి "కింద ఉన్నది తర్వాత పలకాలి" అనే సంగతి వాళ్ళకు వింత కాదు.

సాధారణంగా జరిగే పొరపాటు: 'పుస్తకం'ని 'పుసతకం' అని, 'అమ్మ'ని 'అమ' అని చదవడం. వత్తు కింద వేలు పెట్టించి, పై అక్షరం సగంలో ఆపి కింది దాన్ని పట్టుకోమనండి. నెమ్మదిగా పలికితే వస్తుంది, వేగంగా చదివితే జారిపోతుంది.

6. బయట చదవడం

ఇక్కడ మనకు సరిహద్దు బాగా కలిసొస్తుంది. బరంపురంలో రైలెక్కి దక్షిణానికి వెళ్తే ఇచ్ఛాపురం స్టేషన్ బోర్డు మీద తెలుగు కనిపిస్తుంది. ఆ పేరులోనే 'చ్ఛ' ఉంది, వత్తుల మెట్టు ఎక్కిన పిల్లవాడికి మంచి పరీక్ష. తర్వాత సోంపేట, పలాస. పర్లాకిమిడి వాళ్ళకు పాతపట్నం పక్కనే. అక్కడ కొట్ల బోర్డులు, బస్సుల మీద ఊళ్ళ పేర్లు చదివించండి. టెక్కలి, శ్రీకాకుళం. కదిలే బస్సు బోర్డు చదవలేకపోతే పోనీండి, ఆగిన బస్సు చాలు.

ఇంట్లో క్యాలెండరు మీద వారాల పేర్లు, పండగల పేర్లు. దినపత్రికలో పెద్ద అక్షరాల శీర్షికలు మాత్రమే, కింది వార్త వద్దు. రోజుకు ఒక శీర్షిక.

7. డిక్టేషన్

వారానికి ఒకసారి, శనివారం. పది మాటలు. ఏడు ఆ వారం చదివినవి, మూడు ఎప్పుడూ చూడనివి. ఆ మూడే అసలు పరీక్ష. చూసిన మాటను గుర్తుపెట్టుకుని రాయొచ్చు, చూడని మాటను విడగొట్టుకుని రాయాల్సిందే. మార్కులు వేయకండి. తప్పుల్ని ఎర్ర సిరాతో కొట్టేయకండి. పక్కన సరైన మాట పెన్సిలుతో రాసి, మరుసటి శనివారం అదే మాట మళ్ళీ అడగండి.

చెప్పేయకుండా ఉండటం ఎలా

పైన ఏడు మెట్లు రాశాను కానీ, ఎక్కువ ఇళ్ళలో పని చెడేది మెట్ల దగ్గర కాదు. పిల్లవాడు ఒక మాట దగ్గర ఆగుతాడు. రెండు సెకన్లు గడవకముందే పక్కనున్న పెద్దవాళ్ళు ఆ మాట చెప్పేస్తారు. ప్రేమతోనే చెబుతారు. నెల రోజుల్లో పిల్లవాడు ఒక సంగతి కనిపెడతాడు: ఆగి పైకి చూస్తే చాలు, జవాబు వస్తుంది. అక్కడి నుంచి వాడు అక్షరాల వైపు చూడటం మానేసి మీ ముఖం వైపు చూస్తాడు.

కాబట్టి ఆగినప్పుడు మనసులో పది లెక్కపెట్టండి. పది అయ్యాక కూడా మాట చెప్పకండి, తెలిసిన చోటు నుంచి లాగండి. ఇలా:

"మామ్మా, ఇదేంటో చెప్పీ."

"అందులో నీకు తెలిసిన అక్షరం ఏదైనా ఉందా నాన్నా?"

"మొదటిది వ."

"దాని మీద ఏముంది?"

"గుడి. వి... విడు?"

"గుడి చివర ఇంకోసారి చూడు."

"వీ... వీడు!"

ఇంత జరగడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ రోజు అర పేజీ తక్కువ చదువుతారు. తగ్గితే తగ్గనీయండి. తనంతట తాను తీసిన మాటను వాడు మళ్ళీ అడగడు.

"రాదు" అని ఏడుపు ముఖం పెట్టిన రోజున నోటుబుక్కు మొదటి పేజీ తీయండి. తేదీలు వేయమన్నది ఇందుకే. కొన్ని నెలల కింద వంకరగా రాసిన 'తల' పక్కన ఈ రోజు రాసిన 'గాలిపటం' పెట్టి చూపించండి. మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. వాడు పేజీలు తిప్పుకుంటూ తన పాత రాత చూసుకుంటాడు. పేజీలు చింపవద్దన్నదీ అందుకే. చెడ్డ పేజీ లేకపోతే మంచి పేజీ ఎంత దూరం వచ్చిందో తెలియదు.

పర్లాకిమిడి పిల్లలకు నేను చెప్పే కథ ఒకటుంది, ఆ ఊరిదే. గిడుగు వెంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో సవర గిరిజనులు మాట్లాడే భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, నేర్పే పుస్తకం లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాట అడిగి నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. నిఘంటువు వచ్చేసరికి ఆయనకు డెబ్బై దాటాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఈ కథ విన్న పిల్లలు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నేళ్ళా?" అవును, అన్నేళ్ళే అని చెప్పి పలక చేతికివ్వండి.

మెచ్చుకునేటప్పుడు "తెలివైనవాడివి" అనకండి. తెలివైనవాణ్ణి అనుకున్న పిల్లవాడు రాని మాట దగ్గర సిగ్గుపడి దాచుకుంటాడు. "ఆ మాట నాలుగుసార్లు చెరిపి రాశావు, నేను చూశాను" అనండి. అక్షరానికో చాక్లెట్ పద్ధతి వద్దు, చాక్లెట్ ఆగిన రోజు అక్షరం కూడా ఆగిపోతుంది. శ్రీకాకుళంలో ఉన్న మేనమామ పిల్లలతో పోలిక అసలే వద్దు. వాళ్ళకు బడి, బోర్డులు, బస్సులు అన్నీ తెలుగే. మన పిల్లలకు మీరిచ్చే ఇరవై నిమిషాలే ఉన్నాయి.

అడ్డదారులు, పట్టుకునే పద్ధతి

పిల్లలు అడ్డదారి వెతకడం తప్పు కాదు, సహజం. దాన్ని పట్టుకుని నవ్వుతూ మళ్ళీ దారిలో పెట్టడం మన పని. తిడితే ఇంకా బాగా దాస్తారు.

పాఠం బట్టీ పట్టి చదువుతున్నట్టు అప్పజెప్పడం. వేలు ఒక చోట, నోరు ఇంకో చోట ఉంటే ఇదే. చివరి మాట నుంచి వెనక్కి చదివించండి. నిజంగా చదివేవాడు ఆగి ఆగి చదువుతాడు, బట్టీ పట్టినవాడు ఆగిపోతాడు.

బొమ్మ చూసి మాట చెప్పడం. పిల్లి బొమ్మ కింద 'పిల్లి' అని ఉంటే ఎవరైనా చదువుతారు. చేత్తో బొమ్మ మూయండి.

తెలుగు మాట పైన ఒడియా అక్షరాల్లో రాసుకోవడం. ఇది అన్నిటికంటే ఎక్కువ. పై తరగతి పిల్లలు మరీ చేస్తారు. చూడటానికి శ్రద్ధలా ఉంటుంది, కానీ కన్ను తెలుగు మీద పడదు. ఒడియాలో రాసుకోవాలనిపిస్తే పేజీ వెనకవైపు రాసుకోమనండి. తిప్పి చూడటం కష్టమనిపించి రెండు వారాల్లో మానేస్తారు.

చూచిరాతలో ఒక్కో గీత చూసి బొమ్మలా దించడం. రాత అందంగా ఉంటుంది, చదవమంటే రాదు. మాట మొత్తం చూసి, పుస్తకం మూసి, నోటితో పలుకుతూ రాయమనండి.

అక్కతో రాయించుకోవడం. నోటుబుక్కులో రాత మారితే తెలిసిపోతుంది. అక్కను పిలిచి, నువ్వు రాయకు, పక్కన కూర్చుని వాడు చదివింది విను అని చెప్పండి. చాలాసార్లు అక్క కూడా నేర్చుకుంటుంది.

ఇవి కాక మీరు నెలకోసారి చేయాల్సిన పరీక్ష ఒకటి. అర్థం లేని మాటలు రాసి చదివించండి: లమిటు, గోసెబ, పూడకి. వీటిని ఊహించడం కుదరదు, గుర్తుపెట్టుకుని ఉండటం కుదరదు. పదికి ఎనిమిది చదివితే ఆ మెట్టు వచ్చినట్టు. అయిదు లోపు అయితే రెండు వారాలు వెనక్కి వెళ్ళండి.

ఆగిపోయినప్పుడు

ఏ ఇంట్లోనైనా నాలుగో నెలలో ఒక చిక్కు వస్తుంది. కొత్తదనం పోతుంది, చదవడం ఇంకా అలవాటు కాదు. అప్పుడు కొత్త గుర్తు ఏదీ చెప్పకండి. రెండు వారాలు వచ్చిన వాటితోనే ఆడించండి. మామ్మకు రోజూ క్యాలెండరులో తిథి చదివి చెప్పే పని వాడికి అప్పగించండి. సంతకు వెళ్ళేముందు సరుకుల చీటీ వాడి చేత రాయించి, ఆ చీటీ చూసే సరుకులు కొనండి. 'బెల్లం'కి వత్తు మరిచిపోయినా కొట్టతను నవ్వి బెల్లమే ఇస్తాడు, కానీ వాడు రాసింది పనికొచ్చింది.

పరీక్షల నెలలో పది నిమిషాలకు తగ్గించండి, పూర్తిగా ఆపకండి. వేసవి సెలవుల్లో మాత్రం రెండు పూటలూ కూర్చోవచ్చు. ఎక్కడికైనా ఊరెళ్తే కార్డులు సంచిలో వేసుకోండి.

ఒక హెచ్చరిక. ఆరు నెలలు రోజూ కూర్చున్నా అక్షరాలు నిలవకపోతే ముందు కంటి పరీక్ష చేయించండి. కళ్ళు బాగుండి, ఒడియా, ఇంగ్లీషులో కూడా ఇదే ఇబ్బంది ఉంటే పిల్లల వైద్యుడికి చూపించండి. కొందరు పిల్లలకు అక్షరాలు పట్టుకోవడమే కష్టంగా ఉంటుంది, వాళ్ళకు వేరే పద్ధతిలో నేర్పాలి. దానికి తెలివితో సంబంధం లేదు. ఒడియా బాగా చదువుతూ తెలుగు దగ్గరే ఆగుతుంటే భయం అక్కర్లేదు, ఇంకా సమయం కావాలి, అంతే.

ఏడాది తర్వాత ఎలా చూడాలి

పిల్లవాడు ఎప్పుడూ చూడని కథ ఒకటి తీసుకోండి, పది వాక్యాలది, బొమ్మలు లేనిది. మూడు సంగతులు చూడండి. వేలు పెట్టకుండా చదువుతున్నాడా. తప్పు చదివినప్పుడు అర్థం కుదరక తనే వెనక్కి వచ్చి సరిచేసుకుంటున్నాడా. చదివాక కథ ఏమిటో తన మాటల్లో చెబుతున్నాడా. రెండోది ఉంటే మిగతా రెండూ నెమ్మదిగా వచ్చేస్తాయి. వేగం చూడకండి, వేగం చదివే కొద్దీ వస్తుంది.

వత్తుల దగ్గర తడబడితే అయిదో మెట్టుకు, పొట్టి పొడుగుల దగ్గర తడబడితే నాలుగో మెట్టుకు వెళ్ళండి. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టకండి, అలా చేస్తే చేసిందంతా వృథా అయిందనుకుంటాడు. అన్నీ సరిగ్గా వస్తే వాడి చేత అమ్మమ్మకు ఒక ఉత్తరం రాయించండి. అయిదు వాక్యాలు చాలు. తప్పులు దిద్దకుండా పంపండి. జవాబు ఫోనులో వద్దని, కాగితం మీదే రాయమని అమ్మమ్మకు ముందే చెప్పి పెట్టండి.